ఏడున్నరకు ఇచ్చిన బర్గరే తొమ్మిదికీ ఇవ్వాలంటే

హనుమకొండలో బర్గర్ దుకాణం పెడితే మొదటి నెల గిరాకీకి ఢోకా ఉండదు. నయీంనగర్ హాస్టళ్ల దగ్గర పెట్టినా, నక్కలగుట్టలో పెట్టినా, ఎన్‌ఐటీ గేటు ముందరి రోడ్డు మీద పెట్టినా కొత్త దుకాణం కదా అని జనం వస్తారు. అదే గల్లీ వాళ్లు ఆరో నెలలో కూడా పిల్లల్ని తీసుకుని వస్తున్నారంటే మాత్రం ఆ దుకాణంలో పనిమంతులు ఉన్నట్టు లెక్క. సాయంత్రం ఐదింటికి ఖాళీగా ఉన్నప్పుడు ఇచ్చిన బర్గర్, ఎనిమిదిన్నరకు పది ఆర్డర్లు నెత్తిన ఉన్నప్పుడు ఇచ్చిన బర్గర్ ఒకే తీరుగ ఉండాలి. కాలనీలో ఉండే బర్గర్ దుకాణం బతికేది ఈ ఒక్కదాని మీదే. రుచి రహస్యాల కంటే తూకం, వేడి, తడి అనే మూడింటి మీద పట్టు ఎక్కువ అవసరం. దుకాణం పెట్టాలనుకునేవాళ్లకూ, ఇంట్లో చేసుకుని ఎందుకు కుదరడం లేదో తెలియనివాళ్లకూ పనికొచ్చేలా ఆ లెక్కలు ఇక్కడ రాస్తున్నాం.

ముందు బన్ను సంగతి. చాలామంది ప్యాటీ (బన్ను నడుమ పెట్టే కీమా లేదా ఆలుగడ్డ బిళ్ల) మీద నెల రోజులు కుస్తీ పడి, బన్ను మాత్రం పక్క బేకరీలో దొరికింది తెచ్చేస్తారు. మన బేకరీల బన్ను చాయ్‌లో ముంచుకోవడానికి చేసింది. తీపి ఎక్కువ, లోపల గుల్ల, పైన పొర పలచన. సాస్ తగలగానే పీల్చుకుని, రెండో కొరుకుకు అడుగు ఊడి చేతిలోకి వస్తుంది. కాబట్టి బేకరీ అతనికి కొలతలు రాసిచ్చి చేయించుకోవాలి. కిలో మైదాకు 600 మిల్లీలీటర్లు నీళ్లు (సగం పాలైతే ఇంకా మంచిది), చక్కెర 80 గ్రాములు, వెన్న 80, ఉప్పు 18, ఇన్‌స్టంట్ ఈస్ట్ 12. పిండి ముద్దలు ఒక్కోటి 75 గ్రాములు తూచాలి. అలా 23 బన్నులు వస్తాయి, కాలాక ఒక్కోటి 65 గ్రాముల చిల్లర తూగుతుంది. అడ్డం 10 సెంటీమీటర్లు. 190 డిగ్రీల ఓవెన్‌లో 14 నుంచి 16 నిమిషాలు.

బేకరీలో ఎక్కువగా జరిగే తప్పు, వేడి తగ్గకముందే కవర్లో కట్టడం. లోపలి ఆవిరి కవర్‌కు పట్టి, మళ్లీ బన్ను మీదికే దిగుతుంది. పైపొర ముడతలు పడుతుంది, మరునాటికే బూజు వాసన మొదలవుతుంది. కనీసం గంటన్నర జాలీ మీద ఆరనివ్వమని గట్టిగా చెప్పాలి. తెచ్చుకున్న బన్నులను ఫ్రిజ్‌లో పెట్టడం ఇంకో తప్పు. బన్ను లోపలి పిండిపదార్థం గట్టిపడటం ఫ్రిజ్ చల్లదనంలోనే అన్నిటికంటే తొందరగా జరుగుతుంది. రెండు రోజుల సరుకైతే బయటే డబ్బాలో ఉంచండి, అంతకు మించితే డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. మే నెల ఎండల్లో రెండు రోజులు కూడా ఆగదు, ఏ రోజుది ఆ రోజే తెప్పించుకోవాలి. మిగిలిన బన్నులను పారేయొద్దు. ఎండబెట్టి మిక్సీ పడితే ఆలూ టిక్కీకి, కీమాలోకి కావలసిన బ్రెడ్ పొడి అదే.

కోసిన వైపు సన్నగా వెన్న రాసి, 160 డిగ్రీల దగ్గర ఉన్న పెనం మీద 45 సెకన్ల నుంచి నిమిషం దాకా బోర్లించాలి. గోధుమ రంగు పొర ఒకటి కడుతుంది. సాస్, ప్యాటీ నుంచి దిగే రసం బన్నులోకి పోకుండా ఆపేది ఆ పొరే. గిరాకీ పెరగగానే ముందు ఎగ్గొట్టేది కూడా ఈ నిమిషాన్నే. ఎనిమిదిన్నర బర్గర్ చెడిపోవడం ఇక్కడే మొదలవుతుంది.

ఇక ప్యాటీ. ఇంటర్నెట్‌లో కనిపించే విధానాలు చాలావరకు అమెరికా గొడ్డుమాంసం లెక్కలు. ఆ కీమాలో ఇరవై శాతం దాకా కొవ్వు ఉంటుంది, అందుకే ముద్దను కాలే పెనం మీద పెట్టి అణిచేస్తే దాని కొవ్వులో అదే వేగి అంచులు కరకరలాడతాయి. మెక్‌డొనాల్డ్స్ 1996లో ఢిల్లీలో మొదటి దుకాణం తెరిచినప్పుడే గొడ్డుమాంసం లేని మెనూతో వచ్చింది. మన ఊళ్లలో బర్గర్ అంటే మొదటి నుంచీ చికెనే, లేదంటే ఆలుగడ్డ. చికెన్ బ్రెస్ట్‌లో కొవ్వు రెండు మూడు శాతం మించదు. దాన్ని అణిస్తే ఉన్న కాస్త రసం పెనం పాలై, చెప్పు ముక్కలా మిగులుతుంది. కాబట్టి కీమా ప్యాటీకి లెగ్ బోన్‌లెస్ తీసుకోండి. కిలోకు ధరలో వచ్చే తేడా కంటే రుచిలో వచ్చే తేడా ఎక్కువ.

చికెన్ దుకాణంలో చెప్పాల్సిన మాట ఒకటుంది: కీమా కొట్టాక కడగొద్దు. కడగడం ఏదైనా ఉంటే ముక్కలుగా ఉన్నప్పుడే కడిగి, జల్లెడలో అరగంట వార్చి, గుడ్డతో అద్ది, ఆ తర్వాతే మిషన్‌లో వేయాలి, అదీ ఒక్కసారే. రెండుసార్లు వేస్తే పేస్టు అవుతుంది. ప్యాటీ పెనం మీద పగిలిందని గుడ్డు, మైదా కలుపుతూ పోయేవాళ్లు అసలు కారణం చూడరు. పది ప్యాటీలు పగిలితే తొమ్మిదింటికి కారణం కీమాలో మిగిలిన నీళ్లే.

కిలో కీమాకు ఉప్పు 15 గ్రాములు, మిరియాల పొడి 5, కారం 8, అల్లమెల్లిగడ్డ ముద్ద 20, బ్రెడ్ పొడి 60, కరిగించి చల్లార్చిన వెన్న 40. ఉల్లిగడ్డ 100 గ్రాములు సన్నగా తరిగి, గుడ్డలో వేసి పిండి, నీళ్లు తీసేశాకే కలపాలి. పచ్చిమిర్చి, కొత్తిమీర మీ ఇష్టం. కీమా ఫ్రిజ్ చల్లదనంలో ఉన్నప్పుడే కలపడం ముఖ్యం. రెండు మూడు నిమిషాలు కలిపితే చేతికి జిగురు తగులుతుంది, అక్కడే ఆపేయాలి. ఇంకా పిసికితే ప్యాటీ రబ్బరు బంతిలా ఎగురుతుంది. వంద గ్రాముల చొప్పున తూచితే 12 ప్యాటీలు వస్తాయి. కంటి అంచనాతో చేస్తే ఒకటి ఎనభై, ఒకటి నూట ఇరవై తూగుతాయి. పెనం మీద రెండిటినీ ఒకేసారి తిప్పుతారు కనుక ఒకటి ఎండిపోతుంది, ఇంకోటి లోపల పచ్చిగా ఉంటుంది. తూకం మిషన్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

కాలితే ప్యాటీ కుంచించుకుపోతుంది. అందుకని బన్ను కంటే ఒక సెంటీమీటరు పైనే పెద్దగా, 11 నుంచి 11.5 సెంటీమీటర్ల వెడల్పుతో, వేలు మందాన ఒత్తి, నడుమ బొటనవేలితో చిన్న గుంట చేయాలి. గుంట లేకపోతే మధ్యలో ఉబ్బి గుండ్రంగా అవుతుంది, పైన పెట్టిన టమాటా జారిపోతుంది. మధ్యన బటర్ పేపర్ పెట్టి దొంతర పేర్చి 40 నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచితే అంచు గట్టిపడి తీయడానికి వీలుగా ఉంటుంది. రాయిలా గడ్డకట్టిన ప్యాటీని మాత్రం నేరుగా పెనం మీద వేయొద్దు. బయట మాడుతుంది, లోపల మంచే కరగదు. ముందురోజు చేసి గడ్డకట్టించినవైతే పొద్దున్నే ఫ్రిజ్ కింది అరలోకి దించుకోవాలి.

పెనం 180 నుంచి 190 డిగ్రీలు, ఒకవైపు నాలుగు నిమిషాలు, తిప్పాక మూడు. లోపల 74 డిగ్రీలు దాటాలి. చికెన్‌కు ఇది తప్పని లెక్క. గుచ్చి చూసే థర్మామీటర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, బోర్డు మీద లైట్లకు పెట్టే ఖర్చులో అది ఎంత! చీజ్ స్లైస్ చివరి 40 సెకన్లలో వేసి, పెనం మీద చెంచాడు నీళ్లు చిలికి మూత పెడితే ఆవిరికి కరిగి ప్యాటీని పట్టుకుంటుంది.

కుర్రకారు ఎక్కువగా అడిగేది కీమా ప్యాటీ కాదు, క్రిస్పీ చికెన్. దీనికి బ్రెస్ట్ ముక్కే సరైనది, ఒకటిన్నర సెంటీమీటర్ మందానికి అడ్డంగా చీల్చి, ఒక్కోటి 90 నుంచి 100 గ్రాములు ఉండాలి. కిలోకు పెరుగు 200 గ్రాములు, ఉప్పు 15, కారం 15, అల్లమెల్లిగడ్డ 25. పొద్దున నానబెడితే సాయంత్రానికి సరిగ్గా ఉంటుంది. నిమ్మరసం ఎక్కువ పోసి రాత్రంతా ఉంచితే పైన మాంసం మెత్తబడి పిండిలా అవుతుంది, పొర దాన్ని పట్టుకోదు. పొడి పిండికి మైదా కిలో, కార్న్‌ఫ్లోర్ 200 గ్రాములు, ఉప్పు 20, కారం 15, మిరియాలు 10, బేకింగ్ పౌడర్ 10. ముక్కను పిండిలో దొర్లించి, ఐస్ నీళ్లలో పది సెకన్ల లోపు ముంచి తీసి, మళ్లీ పిండిలో వేసి అరచేత్తో నొక్కుతూ కలియబెట్టాలి. పొలుసులు లేచేది ఈ రెండోసారే. దులిపాకే నూనెలో వేయాలి. పిండిలో ఉండలు కడుతూనే ఉంటాయి. ఇరవై ముక్కలకోసారి జల్లించకపోతే ఆ ఉండలే నూనెలో రాలి, మాడి, తర్వాతి ముక్కలకు నల్లగా అంటుకుంటాయి.

నూనె 170 డిగ్రీలు, ఆరు నుంచి ఏడు నిమిషాలు. ఐదు లీటర్ల ఫ్రైయర్‌లో ఒకసారికి నాలుగు ముక్కలే. బయట జనం నిలబడ్డారని ఎనిమిది వేస్తే నూనె ఒక్కసారిగా చల్లబడుతుంది, పొర నూనె తాగుతుంది, కొరకగానే పొర మొత్తం ఊడి వస్తుంది. "పెద్దమంట పెట్టినం కదా" అంటారు. మంట పెంచినా పోయిన వేడి ఆ ఏడు నిమిషాల్లో తిరిగి రాదు. తీసిన ముక్కను జాలీ మీద పెట్టాలి. టిష్యూ మీద పెడితే అడుగున ఆవిరి పట్టి మెత్తబడుతుంది. న్యూస్‌పేపర్ అయితే అసలే వద్దు, అచ్చు సిరా తిండికి అంటుతుందని దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఎప్పటి నుంచో వద్దంటున్నది.

ఈ లెక్కనే కొంచెం ముందుకు తీసుకుపోతే దుకాణం ఎంత గిరాకీని మోయగలదో తెలుస్తుంది. రెండడుగుల చదరపు పెనంలో సగం ప్యాటీలకు, సగం బన్నులకు అనుకుందాం. ప్యాటీల సగంలో పది పడతాయి. కాల్చడం, గీకడం కలిపి ఎనిమిది నిమిషాలు. అంటే గంటకు 75. ఫ్రైయర్‌లో వేయడం, తీయడం కలిపితే నాలుగు ముక్కల వాయికి ఏడున్నర నిమిషాలు, అంటే ఒక్క ఫ్రైయర్ మీద క్రిస్పీ ముక్కలు గంటకు 32 దాటవు. ఆర్డర్లలో సగం క్రిస్పీయే వస్తున్నప్పుడు, పెనం ఎంత పెద్దదైనా దుకాణం వేగం ఆ ముప్పై రెండుకు రెట్టింపు, అంటే గంటకు అరవై నాలుగు బర్గర్ల దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి రెండో పెనం కొనే ముందు రెండో ఫ్రైయర్ కొనాలి. అంతవరకు కౌంటర్ దగ్గర ఉన్న మనిషి "అన్నా, క్రిస్పీకి ఇరవై నిమిషాలు పడ్తది, కీమా బర్గర్ అయితే పదిల ఇస్త" అని ఆర్డర్ తీసుకునేటప్పుడే చెప్పాలి. ముందే చెప్పిన ఇరవై నిమిషాలకు ఎవరూ కోపం చేయరు. ఐదు నిమిషాలని చెప్పి పదిహేను నిలబెడితేనే మళ్లీ రారు.

కొందరు తొందర కోసం ముక్కలను సగం వేయించి పక్కన పెట్టుకుంటారు. సగం ఉడికిన చికెన్ వంటింటి వేడిలో రెండు గంటలు ఉంటే అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటి లేదు. ముందే వేయించి పెట్టుకోవాలంటే మొదటి వాయిలోనే లోపల 74 డిగ్రీలు వచ్చేలా పూర్తిగా ఉడికించాలి, 60 డిగ్రీలకు పైన వేడిగా ఉంచాలి, ఇచ్చేముందు 180 డిగ్రీల నూనెలో నిమిషంన్నర వేయాలి. ఆ ఏర్పాటు లేకపోతే ఆ ఆలోచనే వద్దు.

నూనె గురించి కూడా మొహమాటం లేకుండా చెప్పాలి. కాగి కాగి విరిగిన నూనెలో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. కొలిచే పరికరం లేకపోయినా కంటికి తెలుస్తుంది: నురుగు తగ్గకుండా నిలబడుతుంది, 170 దగ్గరే పొగ వస్తుంది, గంటె నుంచి జిగురుగా కారుతుంది. అలాంటి దాంట్లో కొత్త నూనె కలిపితే కొత్తది కూడా తొందరగా చెడుతుంది. రోజూ రాత్రి చల్లారాక గుడ్డతో వడకట్టి, అడుగు మడ్డి తీసేయాలి. సగం ఆయుష్షు దాంతోనే పెరుగుతుంది.

సాస్ దగ్గర మనకు ఒక అదృష్టం ఉంది. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే చపాట మిర్చి లావుగా, ఎర్రగా ఉండి రంగు బాగా ఇస్తుంది, ఘాటు తక్కువ. వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సీసాల్లో దొరికే చిల్లీ సాస్ కంటే దీనితో చేసుకున్నది ఎంతో మేలు. గింజలు తీసిన చపాట 50 గ్రాములు వేడినీళ్లలో అరగంట నానబెట్టి, ఎల్లిగడ్డ రెబ్బలు ఎనిమిది, వెనిగర్ 30 మిల్లీలీటర్లు, చక్కెర 15 గ్రాములు, ఉప్పు 5 వేసి మెత్తగా రుబ్బి, రెండు చెంచాల నూనెలో పచ్చివాసన పోయేదాకా మగ్గించాలి. చల్లారాక నాలుగు వంతుల మయొనైజ్‌కు ఒక వంతు కలిపితే నారింజ రంగు సాస్ వస్తుంది. పిల్లలు కూడా తింటారు. ఘాటు కావలసినవాళ్లకు వేరే కారం మిర్చి కొంత కలిపి ఇంకో సీసా పెట్టుకోండి.

మయొనైజ్ పచ్చి గుడ్డుతో చేయొద్దు. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న దాన్ని ఏడాదిపాటు నిషేధించింది. నిషేధం సంగతి పక్కన పెట్టినా, మన ఎండల్లో పచ్చి గుడ్డు సాస్ సీసా కౌంటర్ మీద పెట్టుకోవడం జనం ప్రాణాలతో ఆడుకోవడమే. చిక్కటి పాలు 100 మిల్లీలీటర్లు కాచి చల్లార్చి, ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి, ఉప్పు, చక్కెర, ఆవపొడి చిటికెడు చొప్పున వేసి మిక్సీ తిప్పుతూ 200 మిల్లీలీటర్ల నూనెను సన్నటి ధారగా పోయాలి. చివర్న 10 మిల్లీలీటర్ల నిమ్మరసం పోయగానే గట్టిపడుతుంది. పాలు వేడిగా ఉన్నా, నూనె ఒక్కసారే గుమ్మరించినా విరిగిపోతుంది. విరిగితే పారేయనక్కరలేదు. వేరే జార్‌లో రెండు చెంచాల చల్లటి పాలు తీసుకుని, విరిగినదాన్ని కొంచెం కొంచెంగా పోస్తూ తిప్పితే మళ్లీ కలుస్తుంది. ఫ్రిజ్‌లో రెండు రోజులు, అంతే. బర్గర్‌కు పైన కింద కలిపి 25 గ్రాములు చాలు, అంతకు మించితే జారుడే.

వెజ్‌ను తక్కువ చేయొద్దు. శ్రావణంలో, కార్తీకంలో, అయ్యప్ప మాలల కాలంలో చికెన్ గిరాకీ సగానికి పడిపోయే రోజులుంటాయి, శనివారాలు సరేసరి. అప్పుడు దుకాణాన్ని నిలిపేది ఆలూ టిక్కీ. ఆలుగడ్డలను తొక్కతోనే ఉడికించి, నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో చల్లార్చాక చిదమాలి. వేడి మీద చిదిమితే జిగురు సాగి, నూనెలో విచ్చుకుంటుంది. కిలోకు అటుకుల పొడి 80 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 60, ఉడికించి వార్చిన బఠానీ 100, ఉప్పు, పచ్చిమిర్చి, గరం మసాలా, ఆమ్‌చూర్. ఒక్కోటి 85 గ్రాములు, పలచటి మైదా జారులో ముంచి బ్రెడ్ పొడి అద్ది, 180 డిగ్రీల్లో మూడు నాలుగు నిమిషాలు. కొత్త ఆలుగడ్డల్లో నీరు ఎక్కువ, వాటికి అటుకుల పొడి ఇంకో 30 గ్రాములు పడుతుంది. వెజ్‌కు ఫ్రైయర్, పెనం, కత్తి, పీట అన్నీ వేరే ఉండాలి, అవి బయటి నుంచి కనబడేలా ఉండాలి. "పెనం వేరేనా?" అని అడిగే పెద్దమ్మకు మాటతో కాకుండా చూపించి జవాబు చెప్పాలి.

కూరగాయల విషయం చిన్నదే. లెట్యూస్ ఎండాకాలంలో గంటలో వాడిపోతుంది, ఆ నాలుగు నెలలు సన్నగా తరిగిన క్యాబేజీ, కీర దోసకాయ వాడండి. ఉల్లిగడ్డ చక్రాలను పది నిమిషాలు ఐస్ నీళ్లలో వేసి ఆరబెడితే ఘాటు పోయి కరకరలాడతాయి. టమాటాకు ముందే ఉప్పు చల్లితే నీరు ఊరి బన్ను తడుస్తుంది. పేర్చే వరుస: కింది బన్ను, సాస్, క్యాబేజీ, చీజ్‌తో ప్యాటీ, టమాటా, ఉల్లిగడ్డ, సాస్ రాసిన పై బన్ను. ప్యాటీ కింద ఆకు ఉంటే రసం అడుగు బన్నుకు చేరదు.

పార్సిల్‌లో బర్గర్ చెడేది దూరం వల్ల కంటే మూత వల్ల. వేడి బర్గర్‌ను గట్టి డబ్బాలో మూస్తే ఐదు నిమిషాల్లో క్రిస్పీ పొర మెత్తబడుతుంది. క్రిస్పీ ముక్కను జాలీ మీద నిమిషం ఆరనిచ్చి, బటర్ పేపర్‌లో చుట్టి, పక్కల రెండు రంధ్రాలున్న అట్టపెట్టెలో పెట్టాలి. సాస్ వేరే చిన్న డబ్బాలో ఇవ్వాలి. ఫ్రైస్‌ను బర్గర్ పెట్టెలో కలపొద్దు. కాజీపేట దాకా పోయే ఆర్డర్ అయితే టమాటా కూడా విడిగా పెట్టడమే మంచిది.

వండేది 19 కిలోల కమర్షియల్ సిలిండర్ మీదే కావాలి. ఇంటి సిలిండర్ దుకాణంలో వాడటం చట్టవిరుద్ధం. ఆఖరి ఆర్డర్ అయ్యాక పెనం వేడిగా ఉన్నప్పుడే నీళ్లు చిలికి పట్టీతో గీకి, తుడిచి, పలచగా నూనె రాస్తే మరునాడు ప్యాటీ అంటుకోదు. కలిపి మిగిలిన కీమాను మరునాడు మధ్యాహ్నంలోపు వాడేయాలి. పిండిలో దొర్లించగా మిగిలిన మైదా ఎంత ఉన్నా చెత్తబుట్టలోకే, పచ్చి చికెన్ తడి తగిలిన పిండిని మళ్లీ డబ్బాలో పోయకూడదు.